మా పాపకు 47 క్రోమోజోమ్‌లు ఎందుకొచ్చాయి? తప్పు ఎవరిది, మళ్లీ ఇట్లనే అవుతుందా?

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది మెట్‌పల్లి దగ్గర పల్లె, పసుపు పండిస్తారు. మీ భార్యకు 24 ఏళ్లు, మీ మేనత్త బిడ్డే. ఎనిమిది నెలల పాపకు డౌన్ సిండ్రోమ్ అని తేలింది. రిపోర్టులో "47, ఎక్స్‌ఎక్స్, +21" అని రాసి ఉంది, అంటే మొత్తం 47 క్రోమోజోమ్‌లు, ఆడపిల్ల, 21వది ఒకటి ఎక్కువ. "కణ విభజనలో జరిగిన పొరపాటు" అని డాక్టరు ఒక్క ముక్క చెప్పి పంపించారు. మీ అమ్మేమో "ఏడో నెలల గ్రహణం నాడు పసుపు కొమ్ము కోసింది, వద్దంటే ఇనలే" అంటున్నారు. చుట్టాలు మేనరికం అంటున్నారు. ఆ పొరపాటు ఎట్ల జరుగుతుంది, ఎవరి వల్ల జరిగింది, రెండో బిడ్డకూ ఇట్లనే అవుతుందా అని మీరు అడిగారు.

ముందు జవాబు చెప్తాను, వివరం తర్వాత. ఇది ఎవరి తప్పూ కాదు. మీ రిపోర్టులో ఉన్న రకం పొరపాటు చాలావరకు తల్లి అండం తయారయ్యేటప్పుడే, అంటే కడుపు పండకముందే జరిగిపోతుంది. ఏడో నెల గ్రహణం వచ్చేసరికి పాప ఒంట్లో కోట్లాది కణాల్లో ఆ 47 లెక్క స్థిరపడి ఉంది. మేనరికానికీ దీనికీ సంబంధం లేదు. రెండో బిడ్డకు మళ్లీ వచ్చే అవకాశం సుమారు నూటికి ఒకటి. ఈ మాట మీ అమ్మగారికి, ముఖ్యంగా మీ భార్యకు, ఈ రోజే చెప్పండి. మిగతాది నెమ్మదిగా చదువుకోవచ్చు.

నేను హైదరాబాద్‌లో క్రోమోజోమ్ ల్యాబ్‌లో 19 ఏళ్లు సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నాను. ఇప్పుడు హన్మకొండలో ఇలాంటి కుటుంబాలతో మాట్లాడే పనే చేస్తున్నాను. మీ ప్రశ్న లాంటిది వారానికి ఒకటైనా నా ముందుకు వస్తుంది. ప్రతిసారీ ఆ తల్లి తల దించుకునే కూర్చుంటుంది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మనిషి ఒంట్లో ప్రతి కణంలో జన్యువులను మోసే క్రోమోజోమ్‌లు 46, అంటే 23 జతలు. ప్రతి జతలో ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. (46 అన్న లెక్క తేలింది కూడా 1956లోనే, అంతకుముందు చాలా ఏళ్లు 48 అనుకున్నారు.) చర్మం, రక్తం లాంటివి పెరగాలంటే కణం 46ను 46గానే రెండు కణాలకు పంచుతుంది. ఇది సమవిభజన. అండం, వీర్యకణం తయారయ్యేటప్పుడు మాత్రం లెక్క సగం కావాలి, లేకపోతే తరం తరానికీ రెట్టింపవుతూ పోతుంది. దీన్ని క్షయకరణ విభజన అంటారు. అందులో కణం రెండుసార్లు విడిపోతుంది. మొదటిసారి జతలోని రెండు క్రోమోజోమ్‌లు చెరో వైపు పోతాయి. రెండోసారి ఒక్కో క్రోమోజోమ్‌లోని రెండు పోగులు విడిపోతాయి.

పోగు అనే మాట ఊరికే వాడలేదు. తెలుగు మీడియం జీవశాస్త్రం పుస్తకాల్లో ఈ విడదీసే నిర్మాణాన్ని "కండె" అనే రాస్తారు. సిరిసిల్లలోనో వరంగల్ కొత్తవాడలోనో మగ్గం దగ్గర కండె చూసినవాళ్లకు ఆకారం వెంటనే తెలుస్తుంది: నడుమ లావు, రెండు కొసలు సన్నం. కణంలోనూ అదే ఆకారం. రెండు కొసల నుంచి సన్నటి దారాలు వచ్చి, ప్రతి క్రోమోజోమ్ నడుము దగ్గర పట్టుకుని, ఇటు ఒకటి అటు ఒకటి లాగుతాయి. అన్నీ సరిగా పట్టుబడ్డాయా లేదా అని చూసే కాపలా ఏర్పాటు కూడా కణంలో ఉంది. ఒక్క క్రోమోజోమ్ దారానికి తగులుకోకుండా మిగిలినా విభజనను ఆపి ఉంచుతుంది. కానీ అండంలో ఆ కాపలా మిగతా కణాల్లో ఉన్నంత గట్టిగా ఉండదు.

తప్పు జరిగేది ఇక్కడే. జతలోని రెండు 21వ క్రోమోజోమ్‌లు విడిపోకుండా ఒకే వైపు పోతాయి. ఆ అండంలో 21వది రెండు ఉంటాయి. నాన్న నుంచి వచ్చే వీర్యకణం మామూలుగానే ఒకటి తెస్తుంది. కలిసేసరికి మూడు. దీన్నే నాన్‌డిస్‌జంక్షన్ అంటారు, విడిపోకపోవడం అని అర్థం. డౌన్ సిండ్రోమ్‌లో పదికి తొమ్మిదికి పైగా సందర్భాల్లో ఇది అండంలో జరుగుతుంది, అందులోనూ ఎక్కువ మొదటి విభజనలో. కొద్దిపాటి వాటిలో వీర్యకణంలో జరుగుతుంది.

"అండంలో అంటే తప్పు అమ్మదే కదా" అని అడుగుతారు. కాదు. అండం ఎప్పుడు తయారవుతుందో తెలిస్తే ఈ మాట ఎవరూ అనరు.

వీర్యకణాలు మగవాళ్లలో యుక్తవయసు నుంచి రోజూ కొత్తగా తయారవుతుంటాయి. అండాలు అట్ల కాదు. మీ భార్య ఇంకా వాళ్లమ్మ కడుపులో ఉన్నప్పుడే, ఐదో నెలకల్లా, ఆమె అండాశయాల్లో 60-70 లక్షల అండ మాతృకణాలు ఉన్నాయి. పుట్టేనాటికి 10-20 లక్షలు మిగులుతాయి. అవన్నీ మొదటి విభజన మొదలుపెట్టి సగంలో ఆగిపోయి ఉంటాయి. జతలు ఒకదాన్నొకటి పట్టుకుని, కొన్ని ముక్కలు మార్చుకుని, ఆ మార్పిడి చోట ముడిపడి, అట్లనే ఏళ్ల తరబడి నిలబడి ఉంటాయి. పెద్దమనిషి అయ్యాక నెలకు ఒకటి చొప్పున మేల్కొని మొదటి విభజన పూర్తి చేస్తుంది. రెండోది వీర్యకణం లోపలికి వచ్చాకే పూర్తవుతుంది. అంటే మీ పాపగా మారిన ఆ అండం మీ మేనత్త కడుపులో మొదలై, రెండు పదుల ఏళ్లు దాటి ఎదురు చూసింది. మీ భార్య ఏం తిన్నా, ఏం కోసినా, ఎక్కడ నడిచినా ఆ ముడిని బిగించలేదు, వదులు చేయలేదు.

అన్నేళ్లు ఆ పోగులను కలిపి పట్టుకునేది కోహెసిన్ అనే ప్రొటీన్ కట్టు. అండం ఎదురు చూసినకొద్దీ ఆ కట్టు వదులవుతుంది, కొత్తది పెద్దగా తయారు కాదు. వయసు పెరిగేకొద్దీ అవకాశం పెరగడానికి పెద్ద కారణం ఇదే. ఇరవైల మొదట్లో సుమారు 1,400 కాన్పులకు ఒకటి. ముప్ఫైకి 900కు ఒకటి దగ్గర. 35కు 350కి ఒకటి. 40కి నూటికి ఒకటి. 45కు ముప్ఫైకి ఒకటి.

మరి 24 ఏళ్ల అమ్మాయికి ఎందుకొచ్చింది? చిన్న వయసు తల్లుల్లో ఎక్కువగా కనిపించే కారణం వేరు: ఆ 21వ జత మొదట్లోనే ముక్కలు మార్చుకోకపోవడం, లేదా ఒక్క మార్పిడి జరిగినా అది మరీ కొసకు జరగడం. ముడి సరిగా పడకపోతే కండె దారాలు లాగేటప్పుడు జత నిలకడగా ఉండదు. ఇది కూడా వాళ్లమ్మ కడుపులో ఉన్నప్పుడే జరిగిపోయిన విషయం. ఇంకో లెక్క కూడా చూడండి: ఒక్కొక్కరికి అవకాశం తక్కువే అయినా కాన్పులు ఎక్కువగా జరిగేది ఇరవైల్లోనే కాబట్టి, డౌన్ పిల్లల్లో ఎక్కువమంది చిన్న వయసు తల్లులకే పుడతారు. నా దగ్గరికి వచ్చే తల్లుల్లో సగానికి పైగా ముప్ఫై లోపు వాళ్లే. "పెద్ద వయసు వాళ్లకే వస్తుంది" అనే మాట నమ్మి, మా అమ్మాయికి పరీక్ష ఎందుకని వదిలేసిన ఇళ్లు చాలా చూశాను.

21వదే ఎందుకు అనేది మంచి ప్రశ్న, మీరు అడగకపోయినా చెప్తాను. తప్పు అన్ని క్రోమోజోమ్‌లలోనూ జరుగుతుంది. అదనంగా వచ్చింది పెద్ద క్రోమోజోమ్ అయితే దాని మీది వందల జన్యువుల భారం మోయలేక పిండం మొదట్లోనే ఆగిపోతుంది. 21వది మనిషి క్రోమోజోమ్‌లు అన్నిటిలో చిన్నది, జన్యువులు తక్కువ, అందుకే బిడ్డ బతికి పుడుతుంది. (పరిమాణాన్ని బట్టి అంకెలు వేశారు కాబట్టి అన్నిటికన్నా చిన్నది 22 కావాలి. కానీ 21 ఇంకా చిన్నదని తెలిసేటప్పటికే డౌన్ సిండ్రోమ్ పేరు 21తో ముడిపడిపోయింది, మార్చలేదు.) 18, 13 అదనంగా వచ్చినా కొందరు పుడతారు గానీ ఎక్కువమంది ఏడాది దాటరు. 16వది మూడు ఉండడం గర్భస్రావాల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపిస్తుంది, కానీ అన్ని కణాల్లో అట్ల ఉంటే బిడ్డ పుట్టదు. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సుమారు సగం ఇలాంటి లెక్క తప్పినవే. బరువెత్తినందుకు పోయింది, ఆటోలో తిరిగినందుకు పోయింది అని కోడళ్లను తిట్టే ప్రతి ఇంట్లో ఈ ఒక్క వాక్యం గోడ మీద రాయాలని ఉంటుంది నాకు.

మీరు పసుపు రైతులు కాబట్టి ఒకటి చెప్తాను. పసుపుకు గింజ ఎందుకు కాయదో, కొమ్ములే ఎందుకు నాటుతారో తెలుసా? మనం పండించే పసుపులో 63 క్రోమోజోమ్‌లు, అంటే 21 చొప్పున మూడు వరసలు. రెండుంటే జత కడతాయి, మూడుంటే విభజనలో ఎటు పోవాలో లెక్క కుదరదు, అందుకే గింజ పట్టదు. అరటికీ ఇదే కథ. మీ చేను పక్కన పత్తి ఉంటే దానిలో 52. పాతకాలపు దేశీ పత్తిలో 26. మొక్కలు మొత్తం వరసకు వరసే పెరిగినా తట్టుకుంటాయి. మనిషి ఒక్కటి పెరిగినా తట్టుకోవడం కష్టం. కానీ జరిగే సంగతి ఒక్కటే: విడిపోవాల్సినవి విడిపోలేదు. మీ అమ్మగారికి కొమ్ము చేతిలో పెట్టి ఇదే చెప్పండి, అర్థమవుతుంది. ఆమెకు కోపం కంటే భయమే ఎక్కువ ఉండి ఉంటుంది.

ఇప్పుడు మీ రిపోర్టు సంగతి. వచ్చే కాన్పు గురించి చెప్పేది పాప ముఖం కాదు, రిపోర్టులోని ఆ ఒక్క వరుసే. డౌన్ సిండ్రోమ్ పిల్లలందరూ చూడడానికి దాదాపు ఒకేలా ఉంటారు, లోపల మాత్రం మూడు రకాలు.

మీ పాపది మొదటి రకం. నూటికి 95 మంది ఇంతే: మొత్తం 47, 21వది విడిగా మూడు. దీనికి తల్లిదండ్రుల రక్త పరీక్ష అవసరం లేదు. ఎవరైనా మీ ఇద్దరికీ క్యారియోటైప్, అంటే క్రోమోజోమ్‌లు లెక్కపెట్టే పరీక్ష, చేయించమంటే ఎందుకని అడగండి. ఆ డబ్బు పాప గుండె పరీక్షకు పెట్టండి.

రెండో రకం నూటికి మూడు నాలుగు. ఇందులో రిపోర్టు మీద 46 అనే ఉంటుంది, పక్కన "రాబ్" అనో "డెర్" అనో రాసి ఉంటుంది. అదనపు 21వది వేరే దాని మీద, ఎక్కువగా 14 మీద, అతుక్కుని ఉంటుంది. ఇక్కడ మాత్రం అమ్మానాన్నలిద్దరికీ పరీక్ష తప్పనిసరి. ఎందుకంటే ఇద్దరిలో ఒకరు ఆ అతుకును ఏ ఇబ్బందీ లేకుండా మోస్తూ ఉండవచ్చు. వాళ్లలో 45 క్రోమోజోమ్‌లే కనిపిస్తాయి, సరుకు మాత్రం పూర్తిగా ఉంటుంది, మనిషి ఆరోగ్యంగా ఉంటారు. తల్లి అలాంటి వాహకురాలైతే మళ్లీ డౌన్ బిడ్డ పుట్టే అవకాశం నూటికి 10-15. తండ్రి అయితే ఒకటి రెండు.

పెద్దపల్లి వైపు నుంచి ఒకామె వచ్చింది నా దగ్గరికి. రెండు గర్భస్రావాలు, తర్వాత డౌన్ బాబు. పాత ల్యాబ్ వాళ్లు బాబు రిపోర్టు ఇచ్చారు గానీ తల్లిదండ్రులకు పరీక్ష చేయాలని ఎవరూ చెప్పలేదు. మేం చేస్తే ఆమెలో 14-21 అతుకు దొరికింది. వాళ్ల చెల్లెలికి అప్పటికి మూడో నెల. ఆమెనూ పిలిపించి చేశాం, ఆమెలో అతుకు లేదు. ఆ రోజు ఆ అక్కాచెల్లెళ్లు ల్యాబ్ మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చారు, ఒకరు దుఃఖంతో, ఒకరు ఊరటతో. అతుకు 21కీ 21కే పడిన కుటుంబం ఒక్కటే చూశాను. అందులో తండ్రి వాహకుడు. అట్లాంటి వాళ్లకు పుట్టి బతికే ప్రతి బిడ్డకూ డౌన్ సిండ్రోమే ఉంటుంది. ఆ మాట చెప్పడానికి ఎంత ఆలోచించానో నాకే తెలుసు. వాళ్లు తర్వాత దత్తత తీసుకున్నారు.

మూడో రకం మొజాయిక్. ఇందులో పిండం మొదలయ్యాక సమవిభజనలో తేడా వస్తుంది, కొన్ని కణాల్లో 46, కొన్నింట్లో 47. రక్తంలో లెక్క ఎంతుందో చూసి మెదడులోనూ అంతే అనుకోకూడదు, రక్తం రక్తమే చెబుతుంది.

ఈ పరీక్ష ఎట్ల చేస్తారో కాస్త చెప్తే రిపోర్టు మీద నమ్మకం కుదురుతుంది. ఆకుపచ్చ మూత హెపారిన్ గొట్టంలో రక్తం తీసుకుని, తెల్లకణాలు విడిపోయేలా ప్రేరేపించి మూడు రోజులు పెంచుతాం. ఆ ప్రేరేపించే పదార్థం చిక్కుడు జాతి గింజల నుంచి వచ్చేది. తర్వాత కొల్చిసిన్ రకం మందు వేసి కండెను కావాలనే పాడుచేస్తాం. దారాలు ఏర్పడకపోతే క్రోమోజోమ్‌లు ఎటూ పోలేక నడుమనే నిలబడిపోతాయి, అప్పుడే లెక్కపెట్టగలం. ఆ కొల్చిసిన్ మన అడవుల్లో వానాకాలం ఎర్రగా పసుపుపచ్చగా పూసే అడవినాభి దుంపలో కూడా ఉంటుంది. అందుకే ఆ దుంప అంత విషం. సాధారణంగా 20 కణాలు చూసి రాస్తాం. ఆ రక్తాన్ని ఫ్రీజర్‌లో పెట్టినా, ఎండలో బస్సు డాష్‌బోర్డు మీద పెట్టి పంపినా కణాలు చచ్చిపోతాయి. ఏప్రిల్, మే నెలల్లో అట్ల పోయిన నమూనాలు ఎన్నో. రెండోసారి పసిబిడ్డకు సూది గుచ్చాల్సి రావడం నాకెప్పుడూ బాధే. ఇంకొక సంగతి, క్యారియోటైప్ మామూలుగా ఉందంటే జన్యువులన్నీ బాగున్నట్టు కాదు. చిన్న చిన్న ముక్కలు పోవడం ఇందులో కనబడదు, దానికి మైక్రోఅర్రే లాంటి పరీక్షలు వేరే ఉన్నాయి.

నాన్న వైపు పొరపాట్ల గురించి కూడా ఒక మాట. మామూలుగా ఆడవాళ్లలో రెండు ఎక్స్ క్రోమోజోమ్‌లు, మగవాళ్లలో ఒక ఎక్స్, ఒక వై ఉంటాయి. ఎక్స్‌ఎక్స్‌వై ఉండే క్లైన్‌ఫెల్టర్ అబ్బాయిల్లో దాదాపు సగం మందికి అదనపు ఎక్స్ నాన్న నుంచే వస్తుంది. ఒకే ఎక్స్ ఉండే టర్నర్ అమ్మాయిల్లో పోయింది ఎక్కువగా నాన్న ఇచ్చిన క్రోమోజోమే. ములుగు వైపు నుంచి ఒక టర్నర్ అమ్మాయిని 17 ఏళ్లకు తీసుకొచ్చారు, పెద్దమనిషి కాలేదని. చిన్నప్పటి నుంచీ క్లాసులో అందరికన్నా పొట్టి. ఎనిమిదేళ్లప్పుడు వచ్చి ఉంటే పెరుగుదల హార్మోన్ ఇప్పించే వీలుండేది. ఎదగని ఆడపిల్లను చూస్తే "మా వంశమే పొట్టి" అని వదిలేయకండి, ఇది చదివే అందరికీ చెప్తున్నాను.

మేనరికం గురించి సూటిగా చెప్తాను, ఎందుకంటే దీన్ని పూర్తిగా కొట్టిపారేస్తే అబద్ధం చెప్పినట్టే. బావామరదళ్ల పెళ్లిలో ఒకే తాత నుంచి వచ్చిన లోపమున్న జన్యువు ఇద్దరిలోనూ ఉండవచ్చు. అట్ల తలసేమియా అనే రక్త జబ్బు, కొన్ని రకాల చెవుడు, కండరాల జబ్బులు వస్తాయి. మామూలుగా నూటికి రెండు మూడు ఉండే పుట్టుక లోపాల అవకాశం దాదాపు రెట్టింపవుతుంది. కానీ అది జన్యువు లోపలి రాత తప్పు. మీ పాపది క్రోమోజోమ్ లెక్క తప్పు. రెండింటినీ కలపకండి. మీ దంపతులకు తలసేమియా పరీక్ష ఇంకా కాలేదంటే ఈ సందర్భంలోనే చేయించుకోండి, దానికి కారణం మేనరికం, పాప కాదు.

వచ్చే కాన్పుకు తొందర పడకండి, భయపడి ఆపుకోనూ వద్దు. గర్భం నిలిచాక 11 నుంచి 13 వారాల మధ్య ఎన్‌టీ స్కాన్ (బిడ్డ మెడ వెనక నీరు కొలిచేది), డబుల్ మార్కర్ (తల్లి రక్త పరీక్ష) చేయిస్తారు. ఖర్చు పెట్టగలిగితే పదో వారం తర్వాత తల్లి రక్తంతోనే చేసే ఎన్‌ఐపీటీ ఉంది. అది 21 విషయంలో నూటికి 99 దాకా పట్టుకుంటుంది, కానీ అది కూడా అనుమానం చెప్పే పరీక్షే, తీర్పు చెప్పేది కాదు. దానికి దొరికే డీఎన్‌ఏ మాయ నుంచి వచ్చేది; మాయలో తేడా ఉండి బిడ్డలో లేకపోవడం నేను చూశాను. తేడా వస్తే 16వ వారం దగ్గర ఉమ్మనీరు తీసి చేసే పరీక్షే ఖాయం చేస్తుంది, దానివల్ల గర్భం పోయే అవకాశం నూటికి ఒకటి కంటే తక్కువ. ఆ తర్వాత ఏం చేయాలన్నది మీ ఇద్దరి నిర్ణయం. చట్టప్రకారం 24 వారాల గడువు ఉంది, ఆ తర్వాతైతే మెడికల్ బోర్డు చూడాలి. బిడ్డ ఆడో మగో మాత్రం ఏ రిపోర్టూ చెప్పదు, అడగకూడదు కూడా. ఫోలిక్ యాసిడ్ గర్భానికి ముందు నుంచే వేసుకోవాలి, అయితే అది వెన్నెముక లోపాలు రాకుండా, డౌన్ రాకుండా కాదు. క్రోమోజోమ్ సరిచేస్తామని పసరు, పొడి, చుక్కల మందు ఎవరిచ్చినా తీసుకోవద్దు. అట్లాంటి మందు ఎక్కడా లేదు.

ఇక పాప. ఎనిమిది నెలలంటే చేయాల్సింది చాలా ఉంది. డౌన్ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండెలో లోపం ఉంటుంది, పైకి తెలియకపోవచ్చు. ఎకో, అంటే గుండె స్కాన్, ఇప్పటిదాకా చేయించలేదంటే ఈ వారమే చేయించండి. ఆపరేషన్ అవసరమైతే ఆరోగ్యశ్రీలో అవకాశం ఉంది, ఆలస్యమైతే ఊపిరితిత్తులు దెబ్బతిని ఆపరేషన్ చేయలేని స్థితి వస్తుంది. థైరాయిడ్ ఏడాది వయసుకు ఒకసారి, తర్వాత ఏటా. వినికిడి, కళ్లు చూపించండి. జిల్లా ఆసుపత్రుల్లో పిల్లల కోసం ముందస్తు చికిత్స కేంద్రాలు ఉన్నాయి, అక్కడ ఫిజియోథెరపీ నేర్పిస్తారు, ఇంట్లో రోజూ చేయించాలి. పసుపు ఉడకబెట్టే రోజుల్లోనూ మానొద్దు. మెడ నిలబెట్టడం, కూర్చోవడం, మాట, అన్నీ వస్తాయి, కాస్త ఆలస్యంగా.

నేను మొదట్లో రిపోర్టు రాసిన పిల్లల్లో ఒకబ్బాయికి ఇప్పుడు 22 ఏళ్లు. హన్మకొండలో వాళ్ల నాన్న కిరాణా దుకాణంలో పప్పులు తూచి పొట్లాలు కడతాడు, నేను వెళ్తే "మేడం, కందిపప్పేనా?" అని తనే అడుగుతాడు.

రిపోర్టు రెండో పేజీలో ఎన్ని కణాలు చూశారో రాసి ఉంటుంది. అన్నింట్లోనూ 47 అనే ఉందా, ఎక్కడైనా 46 కూడా ఉందా చూసి ఇక్కడే రాయండి. పాప పేరు, ల్యాబ్ నంబరు పెట్టకండి.